ఎడమచేతి పాట

నాష్‌విల్‌లో నేను ఫిజియోథెరపీ చేసే క్లినిక్‌కి ఆయన పక్షవాతంతో వచ్చాడు. ఒకప్పుడు స్టేడియాలు నింపిన కంట్రీ సంగీత గాయకుడు. ఇప్పుడు కుడిచేయి పడిపోయింది. అయినా ఎప్పుడొచ్చినా తన పాత మాండొలిన్‌ను కోటులో పొదువుకుని తెచ్చేవాడు. "చలికి దీని గొంతు పట్టేస్తుంది, మేడమ్" అనేవాడు.

ఒకరోజు దాన్ని ఒడిలో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో తీగలు నొక్కిపట్టి, "మీరు మీటండి" అన్నాడు.

"నాకు రాదండీ."

"మొదట్లో మా తమ్ముడికీ వచ్చేది కాదు. కెంటకీ కొండల్లో మా ఇంట్లో ఇదొక్కటే ఉండేది, తాతది. బ్లూగ్రాస్ అనే మా కొండల జానపదాలన్నీ దీనిమీదే నేర్చుకున్నాం. నేను నొక్కితే వాడు మీటేవాడు."

భయంభయంగా మీటాను. పాట లాంటిదేదో పలికింది.

"తమ్ముడు ఇప్పుడెక్కడున్నారు?"

"పోయాడు. బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పాడైపోయాయి. చివర్లో ఫోన్ చేసి, ఒక్కసారి మాండొలిన్ తెచ్చి వినిపించన్నా అన్నాడు. టూర్‌లో ఉన్నాను. ఒక్క షో కూడా క్యాన్సిల్ చేయలేదు."

నా చేయి ఆగిపోయింది.

"ఆపకండి మేడమ్" అన్నాడు, తల ఎత్తకుండా.

మళ్ళీ మీటాను. నేను తడబడిన చోటల్లా ఆయన వేళ్ళు తీగలమీదే నిలిచి, నాకోసం ఎదురుచూశాయి.