పవర్‌ప్లేలో మెట్లు దిగకూడదు

వేడినూనెలో వాము వాసన తగిలితే చాలు, మా ఐస్ హాకీ టీమ్ ఈసారీ ఓడిపోతుందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం మొదలవుతుంది.

కెనడాలోని కిచెనర్‌లో మా బేస్‌మెంట్ కిటికీకి ఏప్రిల్ వచ్చినా కరగని మంచు అడ్డంగా పేరుకుని ఉండేది. తడి సాక్సుల వాసన, హీటర్ వేడి, వాము కూరిన మిరపకాయ బజ్జీల మధ్య అందరం ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, సీజన్ చివర్లో వచ్చే ప్లేఆఫ్స్ చూసేవాళ్ళం. నాన్న హైదరాబాద్ నుంచి క్రికెట్ నమ్మకాలన్నీ మూటగట్టుకుని వచ్చారు. కీలక సమయంలో ఎవరూ కూర్చున్నచోటు నుంచి కదలకూడదు.

అవతలి ఆటగాడు తప్పు చేసి రెండు నిమిషాలు బయట కూర్చుంటే, మనవాళ్ళు ఐదుగురు, వాళ్ళు నలుగురు. అదే పవర్‌ప్లే. సీజనంతా గోల్స్ కొట్టినవాళ్ళు ప్లేఆఫ్స్‌లో మాత్రం చేతులెత్తేసేవారు. నాన్న మొదట, మాతో ఆట చూడ్డానికి వచ్చే ప్రసాద్ అంకుల్ కొత్త స్వెటర్‌ని అనుమానించారు. తర్వాత, ఉద్యోగానికి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్న తన చెల్లెలు సరళత్తని. పైన వంటింట్లో ఉన్న అత్త, కింద మా కేకలు వినగానే ఆట రసపట్టులో ఉందని బజ్జీల పళ్ళెంతో పరుగున దిగేది. సరిగ్గా అప్పుడే పవర్‌ప్లే నడుస్తుండేది.

“ఏమనుకోకు సరళా, పవర్‌ప్లే అప్పుడు మాత్రం కిందికి రాకు,” అన్నారు నాన్న. అత్త నవ్వింది. ఆ నవ్వు నాకు నమ్మబుద్ధి కాలేదు.

నా అనుమానం వేరు. సీజన్‌లో రోజుకో టీమ్. ప్లేఆఫ్స్‌లో అదే టీమ్‌తో మళ్ళీ మళ్ళీ ఆట. మనవాళ్ళ ఎత్తు వాళ్ళకి కంఠతా వచ్చేసేది.

“నాన్నా, ఎవ్రీ టైమ్ లెఫ్ట్‌లో సేమ్ గైకే పాస్ ఇస్తున్నారు. వాళ్ళకి తెలిసిపోయింది,” అన్నాను.

“నువ్వు కదలకు, మాట్లాడకు.”

ఆఖరి మ్యాచ్‌కి అత్త వంటింటి తలుపు మూసుకుని కూర్చుంది. అయినా పవర్‌ప్లే వృథా అయింది, టీమ్ ఇంటిదారి పట్టింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కాసేపటికి నాన్న మెట్ల దగ్గరికి వెళ్ళి, “రా సరళా, వచ్చి కూర్చో,” అన్నారు.

“ఎందుకులే అన్నయ్యా. వచ్చే ఏడు ఓడితే మళ్ళీ నామీదికే వస్తుంది.”

నాన్న మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఇప్పుడా ఇల్లు అమ్మేశాం. ప్రసాద్ అంకుల్ వాళ్ళు బర్నబీలో, అత్త రిచ్‌మండ్ హిల్‌లో. ఆనుకుని కూర్చునే మనుషులూ లేరు, కదలొద్దని కసిరేవాళ్ళూ లేరు. ప్లేఆఫ్స్ వస్తే నాన్న అత్తకి ఫోన్ చేస్తూనే ఉంటారు. ఆట ముగిసేదాకా ఎత్తదు. తర్వాత తనే చేసి, “ఎవరు గెలిచారన్నయ్యా?” అని ఏమీ తెలియనట్టు అడుగుతుంది. అత్త వెనక టీవీలో అదే మ్యాచ్ గురించి మాట్లాడుకోవడం నాన్నకీ నాకూ వినిపిస్తూనే ఉంటుంది.