నాలుగో జ్వరం

నిన్న మా అబ్బాయి విండ్సర్ నుంచి ఫోన్ చేశాడు. రిటైరైన దగ్గర్నుంచి నేను సోఫా దిగడం లేదని వాళ్ల నాన్న చాడీ చెప్పారట. "జ్వరంలేరా," అన్నాను నవ్వుతూ. "మామ్! టెంపరేచర్ చూశావా?" అని కంగారుపడ్డాడు. ఇక్కడ ఎడ్మంటన్‌లో ఈ మాటతో ఇదివరకే ఒకసారి కొంప మునగబోయింది.

యూనివర్సిటీలో పురుగులు పెంచే గది అప్పట్లో నా రాజ్యం. మా ఆడపడుచు కూతురు అక్కడే పీహెచ్‌డీ చేసేది. భీమవరం పిల్ల, చేపల చెరువుల గురించి అడిగితే చెబుతుంది. నేను హిందూపురం వైపు దాన్ని. మా నట్టింట్లో మనుషులకన్నా పట్టుపురుగులకే ఎక్కువ చోటుండేది. ఆ ఏడు పర్మిట్లన్నీ దాటుకుని ఆ పిల్లకి దక్షిణ అమెరికా పట్టు చిమ్మట గుడ్లు వచ్చాయి. ఏ జాతో పంపినవాళ్లకే తెలీదు. పెంచి, రెక్కలు చూస్తే తప్ప తేలదు. తేలకపోతే థీసిస్‌లో ఒక చాప్టర్ గోవిందా. మల్బరీ ఇక్కడెక్కడ? ఇక్కడ పెరళ్లలో పెరిగే లైలాక్ పూలపొద ఆకు వేశాం. వంక పెట్టకుండా తిని పచ్చగా, బొద్దుగా తయారయ్యాయి.

ఒక ఉదయం అవి తిండి మాని, తలలెత్తి కొయ్యబారాయి. నేను డెంటిస్టు దగ్గరికెళ్తూ పిల్లకి ఫోన్లో చెప్పాను: "నాలుగో జ్వరానికొచ్చినాయి. ముట్టుకోవద్దు." కుబుసం విడిచే ముందు పురుగు పట్టే నిద్రను మా వైపు జ్వరమంటారు. భీమవరంలో జ్వరమంటే జ్వరమే; పైగా మొదటి మూడూ నా చేతుల మీదే గడిచాయి, పిల్ల చూడలేదు. తిరిగొచ్చేసరికి పిల్ల ఫ్రీజర్ తలుపు తీసి, చేతిలో పురుగుల డబ్బాతో ఏడుస్తూ నిలబడి ఉంది. రోగమొచ్చిన పురుగుల్ని గడ్డకట్టించి పారేయాలన్నది ఆ గది రూలు. ఆ రూలు పెట్టింది నేనే!

"నాలుగుసార్లు జ్వరమొస్తే ఇంకేం బతుకుతాయి అత్తయ్యా!"

"ఒసే పిచ్చిదానా, చర్మం బిగుతైందే వాటికి! ఇడుస్తాయి, ఉండు!"

డబ్బా లాక్కుని యథాస్థానంలో పెట్టాను. నాకు అనుమానమే లేదు. పిల్ల మాత్రం అన్నం సరిగ్గా తినలేదు. కుబుసం విడిచి లేచాయి చూడండి, లైలాక్ కొమ్మలు మోసుకురాలేక చచ్చాం! తర్వాత గూళ్లు కట్టాయి. మొదటి చిమ్మట బయటికొచ్చి ఇటుకరంగు రెక్కలు విప్పింది. ఒక్కో రెక్కలో కిటికీ అద్దంలాంటి పెద్ద ముక్కోణం. "అరోటా!" అని జాతి పేరు చెప్పేశాను, పుస్తకం తెరవకుండానే. పిల్ల తెరిచి సరిచూసుకుని, చిమ్మట ముందు వంగింది. ఆ ముక్కోణం అవతల పిల్ల తడి కన్ను నాకు కనిపించింది. ఎంత సంతోషమేసిందో!

అరవై దాటి సోఫా ఎక్కితే మనిషి ఇక ఆగిపోయినట్టేనని మా ఇంట్లో అందరి లెక్క. నేను పెంచిన పురుగులన్నీ నాలుగో జ్వరం తర్వాతే అసలు ఆకలితో లేచాయి.