వీపు మీద గోరంత రెక్క

1943 ఆగస్టు 9, సోమవారం, ఉదయం పదిన్నరకు పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే మా బస్సు చాగలమర్రి దగ్గర కాలువ గట్టున ఆగిపోయింది. డ్రైవరు నిప్పు రాజేస్తుంటే నేనూ నాన్నా దిగాం. గట్టు మీద తెల్లగడ్డం ముసలాయన ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఒకసారి పట్టుకుంటానని నాన్న ముచ్చటపడితే, నవ్వి కర్ర చేతికిచ్చాడు.

కాసేపటికే చేప పడింది. నల్లగా, మీసాలతో ఉంది.

"మార్పు చేప! నాకు తెలీదా!" అన్నాడు నాన్న.

మేం నేతవాళ్లం. దారం దొరికితే వేళ్లకు చుట్టుకోవడం నాన్నకు అలవాటు. కర్ర వదిలేసి గాలపు దారాన్ని కుడిచేతికి చుట్టసాగాడు. చేప కొట్టుకుంటూ చేతి దాకా వచ్చింది.

"ఆగప్పా! అది మార్పు కాదు, ఇంగిలాయి!" ముసలాయన ఎర కోసే కత్తితో దారం తెంపేశాడు. చేప గాలంతో సహా నీళ్లలో పడింది.

"మార్పుకు వీపు పొడుగునా రెక్క ఉంటాది. దీనికి గోరంతే. పక్క ముల్లు పొడిచిందంటే చెయ్యి వాచిపోతాది. నువ్వు మార్పును చట్టిలోనే సూసినట్టుండావే!"

నాన్న సిగ్గుపడ్డాడు. "మగ్గం మింద చీర సగంలో ఉండాది తాతా. ఈ చెయ్యే మాకు కూడు."

"అయితే పోయి నేసుకో పో."

సీమ సరుకు రాని ఆ యుద్ధం రోజుల్లో ఆయనకు అలాంటి గాలం మళ్లీ దొరకదని బస్సెక్కాకే మాకు తట్టింది. ఆ చీరను నాన్న శనివారానికి ముగించాడు. నేను ఇప్పటికీ సంతలో చేప వీపు చూశాకే చెయ్యి పెడతాను.

ఆ రోజు పోయినవి: ఒక గాలం, మూరెడు దారం, ఒక చేప, మేం అడగని ఆయన పేరు.