గంగుబాయి అతికిన స్పీకరు

నిర్మల్‌లో గంగుబాయి పేరెత్తితే ఎవరికైనా ముందు ఆమె నోరు గుర్తుకొస్తుంది, ఆ తర్వాతే చెయ్యి. నిజానికి రెండిటిదీ ఒకటే గుణం. ఎదురుగా వంకర కనిపిస్తే ఊరుకోవు.

ఆమె బొమ్మలు చేసే నకాషోళ్ల ఇంట్లో పుట్టి, నకాషోళ్ల ఇంటికే కోడలై వచ్చింది. బడికి పోయింది రెండేళ్లు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది గానీ, పొణికి కర్ర ముక్క చేతికిస్తే అందులో జింక ఉందో నెమలి ఉందో తడుముకోకుండా చెప్పేస్తుంది. ఆ ఇళ్లల్లో కర్ర చెక్కేది మగవాళ్లు. చింతగింజలు నానబెట్టి రుబ్బి జిగురు తియ్యడం, ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి లప్పం చెయ్యడం, సుద్ద పూసి రంగులు వెయ్యడం ఆడవాళ్ల వంతు. మొగుడు పోయిన ఏడాది గంగుబాయి ఉలి కూడా తనే పట్టింది. కులపెద్దలు నలుగురు వచ్చి ఆడది ఉలి పడితే ఎట్లా అని అడిగారు.

"మీల ఎవరన్న వచ్చి చెక్కిపెడ్తరా? రేపటిసంది రాండ్రి, చాయ్ గూడ పోస్త" అంది.

ఎవరూ రాలేదు. చాయ్ మిగిలింది, బొమ్మలూ అమ్ముడుపోయాయి.

ఆ బొమ్మల్లో మంచివన్నీ రామకిషన్‌రావు బంగళాకే పోయేవి. పెళ్లిళ్లకు, కానుకలకు ఆయన బుట్టల కొద్దీ పండ్లు కొనేవాడు. సీతాఫలం, జామ, అరటిగెల అన్నీ కట్టెవే, ఈగలు కూడా మోసపోయేంత అందంగా ఉండేవి. గంగుబాయి బుట్ట నెత్తిన పెట్టుకుని బంగళాకు పోయేది. పోయి కింది మెట్టు మీద కూర్చునేది. ముప్పై ఏళ్లుగా అదే మెట్టు. లోపలికి ఆమె చేసిన జామపండు పోయేది గానీ ఆమె పోయేది కాదు. బంగళా పనివాళ్లందరూ దొరా, దొరా అంటుంటే ఆమె మాత్రం రావుసాబ్ అనేది. ఎవరైనా అడిగితే, "నేనేమన్న ఆయన పొలం దున్నుతున్ననా? బొమ్మలు అమ్ముతున్న" అనేది.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో రామకిషన్‌రావుకు ఒక పిచ్చి పట్టింది. ఊరవతల ఉన్న టూరింగ్ టాకీసు మూతపడింది. డేరా గుడ్డ ఒకరు, బెంచీలు ఒకరు కొనుక్కుపోతే, ఈయన తెర వెనక ఉండే రెండు స్పీకరు పెట్టెలు ఎడ్లబండిలో వేయించుకుని వచ్చాడు. వడ్లు పోసుకునే గదిని ఖాళీ చేయించి సున్నం వేయించాడు. రంగుల టీవీ, దుబాయి నుంచి వచ్చిన ఎవరి దగ్గరో కొన్న వీసీఆరు, టాకీసులో పనిచేసిన గాజు వాల్వుల ఆంప్లిఫయరు, అన్నీ ఆ గదిలో చేరాయి. టీవీ చూస్తే పావురాల గూడంత ఉంది, దానికి అటూ ఇటూ నిలబడ్డ స్పీకర్లు బట్టల బీరువాలంత ఉన్నాయి. మగవాళ్లకు ఇటువంటి పిచ్చి పడితే వడ్లకూ దిక్కుండదు, ఇంట్లోవాళ్లకూ చోటుండదు. ఆయన భార్య లీలాబాయి వడ్ల బస్తాలు వంటింట్లో సర్దుకుని ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమె తిట్టే పద్ధతి.

ఎడమ స్పీకరు మొదటిరోజే గుంజ్ గుంజ్‌మని పలికింది. కుడిది పలకలేదు. రేడియోలు బాగుచేసే హనుమండ్లు దాన్ని విప్పి చూశాడు. లోపల తాంబాళమంత నల్లటి కాగితపు గరాటు ఉంటుంది, ధ్వని పుట్టేది అందులోనే. దాన్ని ఎలుకలు అరచేయంత మేర కొరికేశాయి, ఆ కన్నం అంచులను చెదలు తిన్నాయి.

అదే సమయానికి గంగుబాయి బుట్టతో వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది.

"హైదరాబాద్‌ల అడిగిన సాబ్" అంటున్నాడు హనుమండ్లు. "గసొంటి కాయితం ఇప్పుడు ఎవ్వల దగ్గర లేదట. కొత్త స్పీకర్లు తెచ్చుకోండ్రి, ఫికరుండది."

"కొత్తవి తెచ్చుకునేటోన్నైతే గివెందుకు తెస్తనయ్యా" అన్నాడు రావు. ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయింది.

"జర ఇటు తెండ్రి, జూస్త" అంది గంగుబాయి.

హనుమండ్లు నవ్వుతూ తెచ్చి ముందు పెట్టాడు. ఆమె వేలితో చిరుగు చుట్టూ తడిమింది.

"గింతేనా? కాయితమే గదరా. మేం కట్టెకు తోలు పుట్టిచ్చెటోళ్లం."

"పెద్దమ్మా, ఇది సీతాఫలం గాదు."

"నాకు తెల్వదా? సీతాఫలమైతే నువ్వింత పరేషాన్ అయ్యెటోనివి గాదు, కోసుకొని తినేటోనివి."

రావు నవ్వాడు. "చేస్తే ఏం తీసుకుంటవ్ గంగుబాయి?"

"పైస వద్దు రావుసాబ్. ఇది మంచిగ పలికిన దినం నాకు లోపట కుర్చీ ఏసి సినిమా సూపియ్యాలె. మీ వరుసల."

గుమ్మం దగ్గర నిలబడ్డ లీలాబాయి కొంగు సర్దుకుంది. రావు భార్య వైపు చూసి, పెట్టె వైపు చూసి, చివరికి, "గదెంత మాట, అట్లనే" అన్నాడు.

"పలుకకుంటే?" అన్నాడు హనుమండ్లు.

"పలుకకుంటే మళ్ల ఈ మెట్టు గూడ ఎక్క."

బజారులో ఈ మాట మధ్యాహ్నానికే తెలిసిపోయింది. హనుమండ్లు దుకాణంలో కూర్చుని ఒక మాట దాచుకోవడమంటే జల్లెడలో నీళ్లు పట్టడమే.

గంగుబాయి ఆ గరాటును ఇంటికి తెచ్చి పని మొదలుపెట్టింది. చింతగింజలు మూడురోజులు నానబెట్టి, తొక్క తీసి, గుండు రాతి మీద వెన్నలా నూరింది. లప్పం కలిపి చిరుగు పూడ్చింది. పైన గుడ్డ అంటించింది. మళ్లీ లప్పం, పైన సుద్ద, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ సుద్ద. వేలితో కొడితే ఠంగుమనేంత గట్టిగా అయింది. అప్పుడు నల్లరంగు అద్దంలా వేసి, చుట్టూ బంగారు రంగుతో పన్నెండు హంసలు దింపింది. ఒక హంసకూ ఇంకో హంసకూ మెడ వంపులో వెంట్రుకవాసి తేడా లేదు.

కోడలు యాదవ్వ చూసి, "అత్తా, దీన్ని పెట్టెల దాస్తరంటే పానం గుంజుతుంది" అంది.

"గుంజనీ. దాచినదాన్ల గూడ పని మంచిగుండాలె."

గంగుబాయి దాన్ని నెత్తిన పెట్టుకుని బజారు నడిమధ్య నుంచే పోయింది. బంగళాలో అందరూ చుట్టూ మూగి చూశారు. లీలాబాయి వేలు చాపి హంస మెడను ముట్టుకుంది. హనుమండ్లు దాన్ని పెట్టెలో బిగించి, ఎడమది ఆపి, కుడిదాన్ని మోగించాడు.

పాడుతున్నది ఎవరో గానీ, నోట్లో గుడ్డలు కుక్కుకుని బావిలోంచి పాడుతున్నట్టు ఉంది. మధ్యమధ్య రేకు డబ్బా మీద గులకరాళ్లు దొర్లిన చప్పుడు.

"ఏమైంది పెద్దమ్మా, హంసలకు పడిశం పట్టిందా?" అన్నాడు హనుమండ్లు.

గంగుబాయి దానికి కూడా తట్టుకునేదే. కానీ లీలాబాయి, మనసులో ఏ కల్మషమూ లేకుండా, "పోనీ గంగుబాయి, మస్తు అందంగుంది. గోడకు తగిలిచ్చుకుంటం" అంది. అది పడలేదు. పని చెయ్యమని ఇచ్చిన వస్తువును ముచ్చటకు గోడకు పెట్టుకుంటామంటే, పని కాలేదని దండోరా వేసినట్టే కదా.

"నాకియ్యుండ్రి" అంది. "గడువు పెట్టుకోలే గదా మనం."

ఇంటికి తెచ్చి ఒకనాడంతా దాని మొహం చూడలేదు. మర్నాడు పొద్దున్నే హనుమండ్లు దుకాణానికి పోయింది. ఆమె తన కాళ్లతో ఒకరి దగ్గరికి పోయి పని గురించి అడగడం అంతకుముందు జరగలేదు. అందుకని అడిగినట్టు కాకుండా గద్దించినట్టు అడిగింది.

"మంచి స్పీకర్‌ను మోగియ్యి. నేను చెయ్యి వెట్టి చూడాలె."

ఇద్దరూ బంగళాకు పోయారు. రావు లేడు. లీలాబాయి గది తలుపు తీసింది. హనుమండ్లు ఎడమ పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, ముందుపలక విప్పి పాట పెట్టాడు. గంగుబాయి కొంగున కట్టుకుని వచ్చిన సుద్దపొడి చిటికెడు తీసి ఆ నల్ల గరాటు మీద చల్లింది. పొడి నిలవలేదు. పేలాల్లా ఎగిరింది. తబలా పడినప్పుడు ఒక తీరు, గొంతు లేచినప్పుడు ఒక తీరు. ఆమె వేలి కొసతో అంచును ఆనీ ఆననట్టు ముట్టుకుంది. వరిచేలో మిడతను గుప్పిట పట్టినట్టుంది.

"ఇది కదులుతుందిరా!"

"మరి కదులకుంటే చప్పుడెట్ల వస్తది?"

"నేనేమో కదులకుండ కట్టేసిన. ముందుగాల్నే చెప్పొద్దురా, కోతిమొకపోడా?"

"నువ్వడిగితివా? కట్టెకు తోలు పుట్టిస్తనంటివి."

గంగుబాయి చేతికంటిన సుద్ద దులుపుకుని ఇంటిదారి పట్టింది.

చేసినదాన్ని విప్పడం చెయ్యడం కన్నా కష్టమైంది. నీళ్లు ఎక్కువైతే అసలు కాగితమే కరిగిపోతుంది. నడుమ ఉన్న తీగచుట్టకు తడి తగిలితే స్పీకరు చచ్చినట్టేనని హనుమండ్లు అక్కడ మైనపు గుడ్డ కట్టి ఇచ్చాడు. గంగుబాయి తడిగుడ్డ అద్దుతూ, నానిన మేరకే కొబ్బరి చిప్ప అంచుతో గీకింది. కింద సుద్ద మెత్తబడేసరికి పై రంగు ఉల్లిపొరలా లేచి వచ్చింది. పన్నెండు హంసలూ ఒక్కొక్కటే ఆమె అరచేతిలోకి ఊడి వచ్చాయి. నాలుగు రోజులు పట్టింది. ఈసారి లప్పం లేదు, సుద్ద లేదు. అరిగి అరిగి ఊదితే ఎగిరేంత పల్చబడ్డ మల్లుగుడ్డ తీసుకుంది. కత్తెరతో కోస్తే అంచు గట్టులా నిలబడుతుందని చేత్తో చించి, పోగులు వదులుగా ఉంచింది. జిగురును గంజికన్నా పల్చగా చేసి ఒక్క పూతే రాసింది. ఎండలో పెడితే బిగుసుకుంటుందని నీడన ఆరబెట్టింది.

ఆరాక చూస్తే, నల్లటి గరాటు మీద తెల్లగా ఒక అతుకు. పుండుకు పట్టీ వేసినట్టుంది.

యాదవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. "అత్తా, గిట్లనే ఇస్తవా? జర నల్లరంగన్న ముట్టియ్యి. నీ చేతిపని అంటే నలుగురు నవ్వరా?"

గంగుబాయి చేతిలో కుంచె ఉంది. రంగులో ముంచి కూడా ఉంది. గరాటు మీదికి పోయింది, ఆగింది. ఒక్క పూత ఎంత బరువుంటుంది? ఏమీ ఉండదు. కానీ మొన్న కూడా ఒక్కో పూతా ఏమీ ఉండదనే కదా వేసింది. కుంచె తీసి నీళ్ల ముంతలో పడేసింది.

"నవ్వనీ. నవ్వెటోళ్లకు చెవులుంటయి గదా."

ఆదివారం పగలు అన్నం తిన్నాక రమ్మన్నారు. ఈసారి బజారులోంచి కాకుండా వెనక సందులోంచి పోయింది, అదీ నిజమే. గదిలో లీలాబాయి అతుకు చూసి కనుబొమ్మలు పైకెత్తింది. హనుమండ్లు పెట్టెలో బిగించి, ఎడమది ఆపి, పాత పాట ఒకటి పెట్టాడు.

ముందు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. పాడే మనిషి పాట ఎత్తుకునే ముందు గుండెల నిండా పీల్చుకున్న గాలి. ఆ తర్వాత గొంతు లేచింది. నిండుగా, మెత్తగా, మనిషి గదిలో నిలబడి పాడుతున్నట్టు.

రావు కళ్లు మూసుకున్నాడు. హనుమండ్లు పెట్టె దగ్గర వంగి చెవి ఆనించి, ఎడమది మోగించాడు, మళ్లీ కుడిది మోగించాడు. లేచి నిలబడ్డాడు.

"ఏంరా, మాట్లాడవేంది?" అంది గంగుబాయి.

"గది మాట్లాడుతుంటే నడుమ నేనెందుకు పెద్దమ్మా? ఎడమదానికన్న జర మెత్తగుంది, గంతే."

"మెత్తగుంటేనే మంచిగుంది" అన్నాడు రావు కళ్లు తెరవకుండానే.

ఇక మిగిలింది కుర్చీ. రావు లేవబోయేంతలో లీలాబాయి తనే పోయి లోపలి నుంచి బెత్తం కుర్చీ ఒకటి తెచ్చింది. తెచ్చి గోడ పక్కన, వరుసకు నాలుగడుగుల అవతల పెట్టింది.

గంగుబాయి కూర్చోలేదు. "గాడ గాదు బాయిసాబ్. వరుసల అనుకున్నం."

హనుమండ్లు తీగలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. లీలాబాయి వరుస వైపు ఒకసారి చూసింది. తర్వాత తన కుర్చీని జరిపి, ఆ సందులో బెత్తం కుర్చీని తెచ్చి వేసింది. "కూసో" అంది. మళ్లీ, "కూసో గంగుబాయి" అంది.

గంగుబాయి కూర్చుంది. వీపు ఆనించి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, కొలత వేసి చేసినట్టు కూర్చుంది. సినిమా మొదలైంది. ఆ పావురాల గూట్లో ఎవరో రాజు, ఎవరో రాణి చేతులు ఊపుతున్నారు. ఆమె కాసేపు చూసింది. తర్వాత కుర్చీని కిర్రుమనిపించి కుడి పెట్టె వైపు తిప్పుకుంది.

"గంగుబాయి, సినిమా ఇటున్నది" అన్నాడు రావు.

"మీరు సూడుండ్రి. నాకిక్కడ కనవడుతుంది."

ముందుపలక ఇంకా బిగించలేదు. రాజు గర్జిస్తే గరాటు ఎగిరి పడుతోంది, రాణి ఏడిస్తే తెల్లటి అతుకు కంటిరెప్పలా వణుకుతోంది. లీలాబాయి రెండుసార్లు పక్కకు చూసి, మూడోసారి ఉండబట్టలేక వంగింది.

"ఏం సూస్తున్నవే గంత మురిపెంగ?"

"జర ఇట్ల జరుగుండ్రి బాయిసాబ్. గాడ, అతుకు అంచుకు సూడుండ్రి. పాట రానియ్యుండ్రి... ఆఁ, గిప్పుడు."

లీలాబాయి కుర్చీ కూడా కిర్రుమంది. రాజుకు పట్టాభిషేకం అయ్యేసరికి టీవీ చూస్తున్నది రామకిషన్‌రావు ఒక్కడే. ఆడవాళ్లిద్దరూ దానికి పక్కకు తిరిగి, తల పక్కన తల పెట్టి, వినిపించేదాన్ని కళ్లతో చూస్తూ కూర్చున్నారు.