కింది రకం చాలన్న అమ్మాయి

శృంగవరపుకోట బజారులో భీమశంకరరావు బట్టలకొట్టు ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళిబట్టలకు వచ్చినవాళ్ళు ఏ చీర కొనాలో ఆయనే తేల్చేవాడు. వాళ్ళేమో తామే తేల్చుకున్నామనుకుని సంతోషంగా వెళ్ళేవారు. అలాంటి మనిషి విశాఖలో ఒక సైకిళ్ళ షాపులో, మూడు సైకిళ్ళ ముందు నిలబడి, భోజనం వేళ దాటినా ఎటూ తేల్చుకోలేకపోయాడు.

సుగరు వచ్చిందని డాక్టరు తొక్కమంటే మొదలైన సైకిలు ఆయనకు ఏడాది తిరక్కుండానే పిచ్చయి కూర్చుంది. ఆదివారాలు బావమరిది జయకృష్ణతోనూ, అతని స్నేహితులతోనూ అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతాడు. ఎక్కుతాడంటే, రెండో మలుపు వరకే. అక్కడ ఊపిరందక దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ పోతే, పైన టీ బడ్డీ దగ్గర అందరూ ఆయన కోసం కాచుకుని కూర్చునేవారు. "మెల్లగా రా బావా, తొందరేటి లేదు" అనేవాడు జయకృష్ణ. అందులో వెటకారం లేదు, జాలి ఉంది. వెటకారమైతే భీమశంకరరావు భరించేవాడే. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, కాలు కింద పెట్టకుండా ఆ బడ్డీ దాకా వెళ్ళాలి. అందుకే భార్య పార్వతీదేవిని వెంటబెట్టుకుని ఈ ఖరీదైన సైకిలు కోసం వచ్చాడు.

తీరా వస్తే ఒకటే సైకిలు మూడు రకాలుగా ఉంది. ఫ్రేమ్ మూడింటికీ అదే కార్బన్‌ది. పై రకానికి మీట తాకితే మారే ఎలక్ట్రానిక్ గేర్లు, కార్బన్ చక్రాలు. మధ్యదానికి గేర్లు అలాంటివే కానీ చక్రాలు మామూలువి. కిందిదానికి రెండూ మామూలువే. ఒక్కోదాన్నీ ఎత్తి చూశాడు, మూడూ తేలిగ్గానే ఉన్నాయి. రంగు చూశాడు, అదీ ఒకటే. బట్టయితే వేళ్ళ మధ్య నలిపి చెప్పేసేవాడు. దీన్నెక్కడ నలపాలి?

షాపులో పనిచేసే సింధూరి అనే అమ్మాయి, ఆయన ఎక్కడ తొక్కుతాడో, ఎక్కడ దిగిపోతాడో ఓపిగ్గా అడిగి తెలుసుకుంది. "మీకు కింది రకం చాలు సార్. పైదాని గేర్లు రేసులవాళ్ళకి. దీనికి వెనక పళ్ళచక్రం పెద్దది, ఘాటీలో సులువుగా తిరుగుతాది" అంది.

భీమశంకరరావు ఉలిక్కిపడ్డాడు. ఈ మాట తనది! పట్టుచీర ముందు తటపటాయించే ఆసామి ముందుకు నేతచీర తోసి "మీకిది చాల్లెండి" అంటే, ఆ ఆసామి పౌరుషం కొద్దీ పట్టుచీరే తీసుకుపోతాడు. ఎన్ని పెళ్ళిళ్ళకు అలా అమ్మాడో ఆయనకే గుర్తులేదు. అంటే ఈ పిల్ల తనచేత పైదే కొనిపించాలని చూస్తోంది. అలాగని కిందిది తీసుకుందామంటే, అదేమైనా అమ్ముడుపోక మూలపడి ఉన్న సరుకేమో. మధ్యదాని ఊసే ఎత్తలేదు, అసలు మంచిది అదేనా? తల తిరిగిపోయింది. ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. అమ్మకం కళ ఏదీ కనిపించలేదు. అది మరీ అనుమానంగా తోచింది.

ఆ పిల్ల చెప్పింది తీసుకోవచ్చు కదా అని పార్వతీదేవి అంటే, నీకీ సంగతులు తెలీవు, ఊరుకోమన్నాడు. కిటుకు తెలుసు, తెలిసీ ఆ 'చాలు' అన్న మాట లోపల గుచ్చుతూనే ఉంది. తనకు కిందిది చాలా? బజారంతటికీ పట్టుచీరలు కట్టబెట్టిన తనకా?

"పైదే ఇవ్వమ్మా" అనేశాడు.

ఆదివారం వచ్చింది. కొత్త సైకిలు చదును రోడ్డు మీద బాణంలా పోయింది. ఘాటీ మొదలవగానే మొరాయించింది. ఉన్నవాటిలో తేలిక గేరు వేసినా పెడలు కాలికింద బరువుగానే ఉంది. ఈసారి రెండో మలుపు కూడా రాలేదు, మొదటి మలుపులోనే దిగిపోయాడు. పక్కనుంచి వెళుతూ జయకృష్ణ ఆ సైకిలును చూశాడు, బావను చూశాడు, మెల్లగా రమ్మని కూడా అనలేదు. భీమశంకరరావుకు ఏడుపొచ్చినంత పనైంది. రోడ్డు పక్క గట్టు మీద కూలబడి షాపుకు ఫోన్ చేశాడు.

"తీసుకురండి సార్, వెనక పళ్ళచక్రం మార్చేస్తాను" అంది సింధూరి. "ఆవేళే చెప్పేను కదా, కిందిది చాలని."

"సెప్పేవు."

"మరెందుకు నమ్మలేదు సార్?"

ఆయన పక్కనున్న కొత్త సైకిలు కేసి చూశాడు.

"నాది బట్టలకొట్టమ్మా" అన్నాడు.