గోనెపట్టల కింద రాగి నారు

మా రాగి నారును చంపింది బావి నీళ్లు కాదు, నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా "నారు పోయింది" అని మాత్రం రాసి మూసేశాను.

అప్పుడు నేను హైస్కూలు చివరి తరగతికి వచ్చాను. వరసగా రెండేళ్లు వానలు లేవు. మెట్టలో వేసిన వేరుశెనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. మిగిలింది బావి కింద అరెకరం. అందులో రాగులు పండితే మాకు ఏడాదంతా సంగటి, ఎద్దులకు మేత. ఎండాకాలం చివర్లో నాయన బావి పక్కన మడి కట్టి నారు పోశాడు. నారు పోసిన మడి మీద ఎండుగడ్డి పరిచి తడపడం, మొలక కనబడగానే గడ్డి తీసెయ్యడం మా వైపు వాడుక.

మరునాడే నాయన యాడికి అనే ఊరి దగ్గర కరువు పనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి బయలుదేరాడు. అమ్మ లేని ఇంట్లో అవ్వ, నేను.

"నాలుగో దినం మొలక లేస్తాది. గడ్డి తీసెయ్యమ్మా. పొద్దున రెండు కడవలు, మాపున రెండు కడవలు. అవ్వకు చూపు ఆనదు, నువ్వే చూసుకోవల్ల" అన్నాడు.

నాలుగో రోజు గడ్డి తీశాను. సూదిమొనల్లాంటి మొలకలు. మధ్యాహ్నానికి మన్ను బీటలిచ్చింది. బావిలో నీళ్లు ఎద్దులతో తోలే కపిలకు అందడం లేదు. మెట్లు దిగి, చిప్పతో తోడి కడవ నింపుకుని పైకి మోయాలి. సెలవులకు ముందు మా సైన్సు సారు ఆకు పాఠం సగమే చెప్పారు. ఆకు అడుగున కంటికి కనబడని రంధ్రాలుంటాయి, ఎండకు వాటిలోంచి నీరు ఆవిరైపోతుంది. మిగతాది బడి తెరిచాక అన్నారు. నాకు ఆ సగమే చాలనిపించింది. నీళ్లు తాగేది ఎండే అయితే ఎండ తగలనివ్వకపోతే సరి. మడి చుట్టూ రాళ్లు పేర్చి, వాటి మీద తడి గోనెపట్టలు రెండు వరసలు కప్పాను.

మన్ను ఆరలేదు. నాలుగు కడవల చోట ఒకటి సరిపోయింది. పొద్దు వాలాక పట్ట ఎత్తి చూస్తే నారు రోజురోజుకూ పొడుగవుతోంది, లేత పసుపు రంగులో, దారాల్లా. లేతది కాబట్టి ఆ రంగు అనుకున్నాను. నా చదువు పనికొచ్చిందని లోలోపల మురిసిపోయాను కూడా.

నాయన వచ్చే రోజు పొద్దున్నే పట్టలన్నీ తీసి కొట్టంలో మడిచి పెట్టాను. నారు ఎంత ఎత్తు లేచిందో చూసి ఆయన మెచ్చుకోవాలి. పొద్దు నడినెత్తికి రాకముందే నారంతా వాలిపోయింది. పరుగెత్తి కడవ మీద కడవ పోశాను. లేవలేదు. నాయన వచ్చేసరికి మడి మీద తెల్ల వెంట్రుకలు అతికించినట్టుంది.

"ఏమాయనమ్మా?"

"నీళ్లు పోస్తానే ఉండా నాయనా."

అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోటికి వచ్చింది.

పక్క చేను పెద్దాయన గట్టు మీదికి వచ్చి బావిలోకి తొంగి చూశాడు. "ఏమప్పా, ఆ పాచి కనపళ్ళేదా నీకు? నీళ్లు చెడినాయి. బిడ్డ పోసింది ఇసం."

అడుగున మిగిలిన నీళ్లు నిజంగానే పచ్చగా ఉన్నాయి. ఒక మూల ఆకులు కుళ్లినచోట ఊదా కలిసిన ఎర్రటి పొర కట్టింది.

"రగతం మాదిరి ఉండాదే" అన్నాడు నాయన.

బడి తెరిచాక సారు మిగతా సగం చెప్పారు. రెండు రోజులు చీకట్లో ఉంచిన కుండీమొక్క ఆకుకు నల్లకాగితం పట్టీ చుట్టి ఎండలో పెట్టారు. సాయంత్రం ఆ ఆకును స్పిరిట్‌లో ఉడికించి, పచ్చదనం పోయాక అయోడిన్ వేశారు. ఎండ తగిలినచోట నల్లనీలం తేలింది. అక్కడ పిండి తయారైందన్నమాట. పట్టీ కింది భాగం పాలిపోయి ఉండిపోయింది. అది మా నారు రంగు.

ఆకులోని పచ్చదనం వెలుగును పట్టుకుంటుందట. ఆ బలంతో నీటిని విడగొట్టి ప్రాణవాయువును బయటికి వదులుతుంది. మిగిలినదాన్ని గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిపి చక్కెర చేసుకుంటుంది. నీరు పోయే రంధ్రాల్లోంచే ఆ గాలి లోపలికి రావాలి. వెలుగు దొరకని మొలక గింజలోని తిండినంతా ఖర్చుపెట్టి, వెలుగును వెతుక్కుంటూ సాగుతుంది. నేను చూసి మురిసిపోయిన ఆ ఎత్తు దాని ఆకలి. ఆ నీరసం మీద ఒక్క పూట ఎండకే వాలిపోయింది.

క్లాసులో నేను నోరు తెరిచేదాన్ని కాదు. ఆ రోజు అందరూ వెళ్లాక సారును బావి సంగతి అడిగాను. పాచి కూడా ఆకు పనే చేస్తుందని, ఎండవేళ దాని మీద లేచే బుడగలు ప్రాణవాయువేనని చెప్పారు. ఎర్ర పొర గురించి ఒక లావు పుస్తకం తీసి చూపించారు. అవి బ్యాక్టీరియా అయివుండాలి. అవీ వెలుగుతోనే తిండి చేసుకుంటాయి. కానీ నీటిని విడగొట్టలేవు, కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువును వాడుకుంటాయి, ప్రాణవాయువు వదలవు.

"మీ నారు చావడానికి ఇవి కారణం కావమ్మా" అన్నారు.

పరుగున ఇంటికి వచ్చాను. నాయన బావి దగ్గర కపిల మోకు విప్పుతున్నాడు.

"నాయనా, నీళ్లు మంచివే. పాచి ఉంటే చెడినట్టు కాదంట. సారు చెప్పినాడు."

"మీ సారునొచ్చి ఒక చెంబుడు తాగమను" అని నవ్వాడు. నవ్వు ఆపి నా ముఖంలోకి చూశాడు. "సరే, మంచివే అనుకో. నారు ఎట్ల సచ్చింది మరి? అది చెప్పు. ఇంకా ఒక పడి గింజలుండాయి, మళ్లా పోస్తా."

ఒక్క మాట చాలు. గోనెపట్టలు కొట్టంలో మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. కాలివేలితో మన్ను గీకుతూ నిలబడ్డాను. నాయన మోకు చుట్టి భుజాన వేసుకున్నాడు.

ఆ వారమే ఎద్దులు సంతకు పోయాయి. ఆ పడి గింజలు సంగటి అయ్యాయి. నేనూ తిన్నాను. బావిని వదిలేశాక నాయనకు కంకర పనే మిగిలింది. ఆ దుమ్ము, ఆ దగ్గు. నా డైరీలో ఎన్నో పేజీల్లో "రేపు చెప్తాను" అని ఉంది.

టీచరు ట్రైనింగుకు అనంతపురం పోయే రోజు నాయన నా పెట్టె మోసుకుని, బస్సు ఎక్కించడానికి బత్తలపల్లె దాకా నడిచి వచ్చాడు. దారిలో మా బావి దగ్గర ఆగాను. కాస్త నీరు ఊరింది. ఎండకు పాచి మీద బుడగలు మెరుస్తున్నాయి. దిగి దోసెడు తాగి చూపిద్దాం, ఆ తర్వాత మాట అదే వస్తుంది అనుకుని మెట్టు మీద కాలు పెట్టాను. నాయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. కాలు వెనక్కి తీసుకుని బస్సు దారి పట్టాను.

మూడు నెలలకు, ఆ దగ్గుతోనే పోయాడని కబురు వచ్చింది. నాయన నాతో చివరిగా మాట్లాడింది ఆ రోజే, బస్సు కదులుతుంటే కిటికీ కమ్మీ పట్టుకుని.

"సెలవలకొచ్చినప్పుడు ఆ బాయి తట్టు పోవాకమ్మా. ఆ నీళ్లు తాగాకు. నారు పోతే పోయింది, నువ్వుండల్ల నాకు."