కొంగ ముసుగులో పిన్ని

మా పిన్ని ఇంట్లో వసపిట్ట. జంతుశాస్త్రం చదివి చేరిన పక్షుల కేంద్రంలో మాత్రం ఆవిడది మూగనోము. అంతరించిపోతున్న కొంగల పిల్లల్ని పెంచి, చెరువుల్లో వదిలిపెట్టడం ఆవిడ పని. ఏళ్ల తరబడి ఒళ్లంతా తెల్లటి ముసుగు వేసుకుని, చేతికి కొంగతల బొమ్మ తొడుక్కుని, దాని ముక్కుతోనే చేపలు తినిపించింది. మనిషిని నమ్మిన పిల్ల రేపు వేటగాణ్ణీ నమ్ముతుందట.

"ఇంత చాకిరీ చేస్తే నీ మొహమైనా తెలియదా వాటికి?" అని ఒళ్లుమండి అడిగాను.

"చూద్దువుగాని, రా" అంది.

ఆవిడ పెంచిన కొంగలు చెరువులో మేస్తున్నాయి. పిన్ని ముసుగు లేకుండా గట్టు మీదికి వెళ్లింది. ఆవిడను చూడగానే అన్నీ హడలిపోయి ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

పిన్ని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "చూశావటే? ఒక్కటంటే ఒక్కటి కూడా నన్ను నమ్మలేదు!"